అడ్వాన్స్ అంటే జీతం కాదు మొర్రో!

మొన్న రాత్రి 11 గంటలకి ఒక మెసేజ్. "అక్కా, నా నవల కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టేశాను. నెలాఖరుకి ఉద్యోగం మానేస్తున్నా." శుభాకాంక్షలు చెప్పాల్సిన చోట నేను గబగబా "రాజీనామా ఇంకా ఇవ్వలేదుగా?" అని అడిగాను. పాపం, ఆ అమ్మాయి సంబరం మీద నీళ్లు చల్లినట్టయింది. ఏం చెయ్యను, ఈ ఏడాదిలో నాకిలాంటి మెసేజ్ రావడం ఇది నాలుగోసారి.

టీనేజ్ వాళ్ల కోసం నవలలు రాస్తూ 14 ఏళ్లు గడిపాను. రచయిత తరఫున పుస్తకం అమ్మిపెట్టే ఏజెంట్లు, ప్రచురణకర్త ముందుగా ఇచ్చే అడ్వాన్సులు నడిపే ఇంగ్లిష్ వైఏ (యంగ్ అడల్ట్, అంటే టీనేజ్ వాళ్ల పుస్తకాల) మార్కెట్ గురించి అపోహలు బోలెడు విన్నాను. చాలావాటికి నవ్వుకుని ఊరుకోవచ్చు. ఒక్కటి మాత్రం కొంపలు ముంచుతుంది. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: అడ్వాన్స్ వచ్చింది కాబట్టి ఇక రాసుకుంటూ బతికేయొచ్చు.

వాస్తవం: అడ్వాన్స్ ఒక్కసారిగా చేతికి రాదు. మొత్తం 100 అనుకోండి. మామూలుగా మూడు వాయిదాల్లో ఇస్తారు: సంతకం పెట్టినప్పుడు ఒకటి, రాతప్రతి ఆమోదం పొందాక ఒకటి, పుస్తకం విడుదలయ్యాక ఒకటి. ప్రతి వాయిదాలోనూ ఏజెంట్ 15 శాతం తీసుకుంటారు, అది వాళ్ల న్యాయమైన వాటా. మీకు మిగిలేది 85. సంతకం నుంచి విడుదల దాకా రెండేళ్లు పట్టడం ఈ రంగంలో వింతేమీ కాదు. 85ని 24 నెలలకి పంచండి. 100 అని విని గంతేసిన మనిషికి నెలకి పడేది మూడున్నర. అదీ పన్ను కట్టకముందు లెక్క.

ఇంత గట్టిగా చెప్తున్నానంటే నేనూ ఆ గోతిలో పడ్డదాన్నే. మొదటి కాంట్రాక్ట్ వచ్చిన మూడో వారంలో ఉద్యోగం వదిలేశాను. రెండో వాయిదా గురించి కాంట్రాక్ట్‌లో "ఆమోదం పొందాక" అని ఉంటే నేను "పంపాక" అని చదువుకున్నాను. నవల పంపేసి బ్యాంక్ ఖాతా చూసుకుంటూ కూర్చున్నా. మధ్యలో మా ఎడిటర్ ఉద్యోగం మారిపోయారు. కొత్తాయన వచ్చి మొదటి పేజీ నుంచి మళ్లీ చదివి, ముగింపు మార్చమన్నారు. ఆయన చెప్పింది కరెక్టే, అది వేరే సంగతి. కానీ ఆ మార్పులు, మళ్లీ చదవడాలు అయ్యేసరికి ఏడు నెలలు. దాచుకున్న డబ్బు నాలుగో నెలకే అయిపోయింది. నా హీరోయిన్ ఇంట్లోంచి పారిపోవాలా వద్దా అని తేల్చాల్సిన టైమ్‌లో ఎవరిదో తోటపని పుస్తకానికి ప్రూఫులు దిద్దుతూ కూర్చున్నాను. గులాబీ కొమ్మ ఎక్కడ కత్తిరించాలో ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తా.

సరే, పుస్తకం వచ్చాక రాయల్టీ, అంటే అమ్మిన ప్రతి కాపీ మీద వాటా, ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కానీ అడ్వాన్స్ తీరాకే. ఆ అడ్వాన్స్ ముందే ఇచ్చేసిన రాయల్టీయే మరి. హార్డ్‌కవర్ మీద 10 శాతం రాయల్టీ అనుకుందాం. మీ అడ్వాన్స్ 500 కాపీల ధరతో సమానమైతే, 5,000 కాపీలు అమ్ముడయ్యేదాకా మీకు కొత్తగా ఒక్క పైసా రాదు. పేపర్‌బ్యాక్ మీద శాతం ఇంకా తక్కువ, 6 నుంచి 8 మధ్య ఉంటుంది. పైగా ఈ వ్యాపారంలో దుకాణాలు అమ్ముడుపోని పుస్తకాలు వెనక్కి పంపేయొచ్చు. అందుకని ప్రచురణకర్త మీ రాయల్టీలో కొంత ఆపి ఉంచుకుంటాడు. లెక్కల కాగితం సాధారణంగా ఏడాదికి రెండుసార్లు, లెక్క ముగిసిన కొన్ని నెలలకి వస్తుంది. అప్పు ఇచ్చినవాళ్లు అంతకాలం ఆగరు.

ఉద్యోగం ఎప్పటికీ మానొద్దని కాదు. ముందు కాంట్రాక్ట్‌లో వాయిదాల క్లాజ్ తీసి, ఏ వాయిదా ఏ పని పూర్తయితే వస్తుందో పెన్నుతో గీత గీసుకుని చదవండి. రాతప్రతి చదివి అవునో కాదో చెప్పడానికి ఎడిటర్‌కి గడువు ఉందా అని ఏజెంట్‌ని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు, ఆ 15 శాతం తీసుకునేది ఇలాంటివాటికే.

అపోహ: పుస్తకం అమ్ముడుపోకపోతే అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఈ భయంతో ఒకబ్బాయి మొదటి వాయిదా ముట్టకుండా ఏడాదిపాటు అలాగే ఉంచాడు, పాత లాప్‌టాప్ ఆగి ఆగి నడుస్తుంటే దాని మీదే రెండో నవల రాస్తూ. చెప్పగానే ఫోన్‌లోనే ఏడ్చేశాడు. మామూలు కాంట్రాక్టుల్లో అమ్మకాల నష్టం ప్రచురణకర్తది. మీరు రాతప్రతి అసలు ఇవ్వకపోయినా, ఇచ్చింది ఆమోదం పొందకపోయినా, కాంట్రాక్ట్‌లో ఒప్పుకున్న మాట తప్పినా తిరిగి అడగొచ్చు. అమ్మకాలు తగ్గాయని అడగరు. హాయిగా లాప్‌టాప్ కొనుక్కోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

సినిమా హక్కులు అడిగారంటే సినిమా వచ్చేసినట్టే అనుకుంటారు. వాళ్లు కొనేది ఆప్షన్, అంటే కొంతకాలం వేరేవాళ్లకి అమ్మకుండా ఆపడానికి ఇచ్చే చిన్న మొత్తం. చాలా ఆప్షన్లు గడువు తీరి అలాగే పోతాయి. నావి రెండు పోయాయి. వచ్చిన డబ్బుతో పళ్లు బాగుచేయించుకున్నాను.

ఐడియా కొట్టేస్తారన్న టెన్షన్‌తో ఎవరికీ చూపించకుండా దాచుకునేవాళ్లున్నారు. ఐడియాకి కాపీరైట్ ఉండదు, మీరు రాసిన రాతకి ఉంటుంది, అదీ రాసిన క్షణం నుంచే. ఎవరికీ చూపించని నవలకి ఏజెంట్ ఎలా దొరుకుతాడు?

వైఏ రాయాలంటే కుర్రవయసులోనే ఉండాలట. అమెరికన్ రచయిత్రి ఎస్. ఇ. హింటన్ 15 ఏళ్లకి మొదలుపెట్టిన నవల 'ది అవుట్‌సైడర్స్' 1967లో అచ్చయ్యేసరికి ఆవిడకి 18 నిండాయి, నిజమే. నా మొదటి పుస్తకం వచ్చేసరికి నాకు 38. పిల్లలు ఎవరూ నా వయసు అడగలేదు. అందులో కుక్క ఎందుకు చచ్చిపోయిందని మాత్రం ఇప్పటికీ అడుగుతారు.

ఇక చదివేది పిల్లలే అన్నది. 2012లో అమెరికాలో బౌకర్ సంస్థ చేసిన సర్వేలో, వైఏ పుస్తకాలు కొనేవాళ్లలో 55 శాతం మంది 18 ఏళ్లు, ఆ పైబడినవాళ్లని తేలింది. అలాగని పెద్దవాళ్ల కోసం రాయడం మొదలుపెట్టకండి, పదహారేళ్ల పాఠకురాలు రెండు పేజీల్లో కనిపెట్టేస్తుంది.

ఆ అమ్మాయి నిన్న మళ్లీ మెసేజ్ పెట్టింది. రాజీనామా మెయిల్ ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉందట. వాయిదాల క్లాజ్ ఫోటో తీసి పంపింది. తనకి మూడు కాదు, నాలుగు వాయిదాలు. ఆఖరిది పేపర్‌బ్యాక్ వచ్చాక.