పంపు పీల్చదు, గాలి నెడుతుంది

అనంతపురం నుంచి ఒక పాఠకుడి ప్రశ్న. వాళ్ళ నాన్నగారు కొన్న ప్రీమియర్ పద్మిని కారు ఇంకా ఇంట్లో ఉంది. చలికాలమంతా బంగారంలా నడుస్తుంది. ఏప్రిల్ వచ్చాక మాత్రం ఎక్కడైనా టీకి ఆపి, పది నిమిషాల తర్వాత తాళం తిప్పితే ఇంజన్ తిరుగుతుంది గానీ అందుకోదు. అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ఒక షెడ్డులో పెట్రోలుని గాలితో కలిపే కార్బురేటర్ మార్చారు. ఇంకో షెడ్డులో పెట్రోలు పంపు మార్చారు. మూడో షెడ్డు పెద్దాయన పంపు మీద తడిగుడ్డ వేయమన్నాడు. "ఇది సైన్సా, చాదస్తమా?" అని అడిగారు.

సైన్సే. ఆ ముగ్గురిలో భౌతికశాస్త్రం వంటబట్టింది ఆ పెద్దాయనకే.

కార్బురేటర్ అంటే ఏమిటి, నాలుగు స్ట్రోకుల ఇంజన్ అంటే ఏమిటి అన్నవి ఇంటర్ పుస్తకంలో దొరుకుతాయి, వదిలేద్దాం. నన్ను పట్టుకుని వదలనిది వేరే. వెనక డిక్కీ వైపున్న ట్యాంకులోంచి పెట్రోలు ముందున్న ఇంజన్ దాకా ఎలా వస్తుంది? "పంపు పీలుస్తుంది" అంటాం. పంపు దేన్నీ పీల్చలేదు. కొబ్బరిబోండాంలో స్ట్రా పెట్టి తాగేటప్పుడు మనమూ పీల్చడం లేదు. నోట్లో గాలి కాస్త పలచన చేస్తాం, అంతే. బోండాంలో నీళ్ళ మీద కూర్చున్న వాతావరణం ఆ నీళ్ళను స్ట్రాలోకి నెడుతుంది. నెట్టేది గాలి, మనం దారి ఇస్తున్నామంతే. పాత కారు పెట్రోలు రోగాల్లో సగం ఈ ఒక్క ముక్క దగ్గర తేలిపోతాయి.

బోండాంకి పెట్టిన చిల్లు సరిగ్గా స్ట్రా మందమే ఉందనుకోండి. రెండు గుక్కలు వస్తాయి, ఆగిపోతుంది. లోపలికి గాలి వెళ్ళే సందు లేదు కాబట్టి నెట్టేవాడు లేడు. కారులో ఇదే ట్యాంకు మూత. ఆ మూతకో, మెడకో గాలి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. దుమ్ముతోనో, "కొత్తగా కనబడాలి" అని వేయించిన పెయింటుతోనో అది మూసుకుపోతే, కారు పదీ ఇరవై కిలోమీటర్లు చక్కగా వెళ్ళి నీరసించి ఆగుతుంది. మూత తిప్పగానే "హుస్" మని గాలి లోపలికి దూరుతుంది, కారు మళ్ళీ బయల్దేరుతుంది. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, అందుకే మొదట చేయాల్సింది ఇదే. చిత్రంగా చాలామంది చివరికి చేస్తారు.

స్ట్రాకి మధ్యలో సన్నని చీలిక ఉంటే? నీళ్ళు రావు, బుడబుడమని గాలి వస్తుంది. అయితే ఆ చీలికలోంచి నీళ్ళు బయటకు కారడం చూశారా? కారవు. లోపల పీడనం బయటికంటే తక్కువ కాబట్టి గాలే లోపలికి పోతుంది. ట్యాంకుకూ పంపుకూ మధ్య గొట్టంలో ఎక్కడైనా రబ్బరు ముక్క పగిలితే జరిగేది ఇదే. చుక్క కూడా కారదు. "ఎక్కడా లీకు లేదు సార్" అని మెకానిక్ ఒట్టేసి చెబుతాడు, అది నిజమే. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు బండి బాగుంటుంది, సగానికి దిగితే గాలి పట్టేస్తుంది. నోటి దగ్గర స్ట్రా మెత్తబడి అతుక్కుపోవడమూ ఇదే కోవలోది. పాత రబ్బరు గొట్టం పైకి గుండ్రంగానే కనిపిస్తుంది, లోపలి పొర ఊడి పెట్రోలుకి అడ్డం పడుతుంది.

కొబ్బరి ముక్క స్ట్రా అడుగున ఇరుక్కోవడం అందరికీ అనుభవమే. ఊపిరి వదిలితే ముక్క జారిపోతుంది, పీలిస్తే మళ్ళీ వచ్చి అంటుకుంటుంది. ట్యాంకు అడుగున తుప్పు పొట్టు ఉన్న కారు అచ్చం ఇలాగే ప్రవర్తిస్తుంది. నడుస్తున్నంతసేపు పొట్టు గొట్టం మొదట్లోని వడపోత జాలీకి చేరుతుంది. బండి ఆగి కాసేపైతే రాలిపోతుంది. అంటే ఇది కూడా "ఆగుతుంది, అరగంటకు బాగుపడుతుంది" రకమే! మన పాఠకుడి లక్షణంతో కలిసిపోయే ఈ దొంగని పట్టుకోవడానికి ఒకటే ప్రశ్న: డిసెంబరు తెల్లవారుజామున కూడా ఇలా ఆగుతుందా? ఆగితే తప్పు చెత్తది. ఎండాకాలంలోనే ఆగితే తప్పు వేడిది.

ఇక అసలు విషయం. మన బళ్ళలో వాతావరణ పీడనం పాఠం అంటే టారిసెల్లి, పాదరసం, 76 సెంటీమీటర్లు. అక్కడితో సరి. నీళ్ళయితే 10.3 మీటర్లు అని ఇంకో వాక్యం. అదే లెక్క పెట్రోలుకి ఎవరూ వేయించరు, వేయిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు. పెట్రోలు సాంద్రత సుమారు 740 కిలోలు ఘనపు మీటరుకి. గాలి పీడనం 101 కిలోపాస్కల్స్. పీడనాన్ని సాంద్రతతోనూ, గురుత్వ త్వరణం 9.8తోనూ భాగిస్తే దాదాపు 14 మీటర్లు. అంటే గాలి పెట్రోలుని 14 మీటర్ల ఎత్తుకు నెట్టాలి. కానీ పెట్రోలు పాదరసంలా మర్యాదస్తురాలు కాదు. గొట్టంలో ఖాళీ దొరికితే ఆవిరై దాన్ని నింపేస్తుంది, ఆ ఆవిరి తిరిగి కిందికి తోస్తుంది. 38 డిగ్రీల దగ్గర మన పెట్రోలు ఆవిరి పీడనం 60 కిలోపాస్కల్స్ చుట్టుపక్కల ఉంటుంది. 101లోంచి 60 పోతే 41. ఎత్తు 14 మీటర్ల నుంచి 5.7కి పడిపోయింది. ఇంకా వేడి చేయండి. 55 డిగ్రీల దగ్గర ఆవిరి పీడనం గాలి పీడనంతో సమానమవుతుంది. మిగిలింది సున్నా. అక్కడ ఎంత మంచి పంపైనా, నిన్న కొన్న పంపైనా, చుక్కను కదల్చలేదు.

మరి పద్మినిలో పంపు ఎక్కడుంది? ఇంజన్ దిమ్మకే బిగించి ఉంది. క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బు ఒక మీటను కదిలిస్తే, ఆ మీట లోపలున్న సాగే పొరని, అంటే డయాఫ్రమ్‌ని కిందికి లాగుతుంది. అప్పుడు ఏర్పడిన పలచనలోకి గాలి పెట్రోలుని నెడుతుంది. కార్బురేటర్‌కి తోసేది మాత్రం మీట కాదు, డయాఫ్రమ్ కింది స్ప్రింగు. కార్బురేటర్ గిన్నె నిండి, పెట్రోలు దారికి అడ్డుపడే సూది (నీడిల్) మూసుకుంటే డయాఫ్రమ్ కిందే ఆగిపోతుంది, మీట ఊరికే ఊగుతుంది. ఇంజన్ ఎంత జోరుగా తిరిగినా పీడనం స్ప్రింగు బలాన్ని దాటదు. ఇంత సొగసైన యంత్రానికి ఒకటే బలహీనత: లోపల ఆవిరి చేరితే డయాఫ్రమ్ ఆ బుడగనే సాగదీస్తూ, నొక్కుతూ కూర్చుంటుంది. పెట్రోలులోని తేలిక పదార్థాల్లో పెంటేన్ ఒకటి, 36 డిగ్రీలకే మరుగుతుంది. ఒక్క మిల్లీలీటరు ద్రవం ఆవిరైతే 200 మిల్లీలీటర్లు దాటుతుంది. పంపు గదిని మింగేయడానికి నాలుగు చుక్కలు చాలు.

టీ కొట్టు దగ్గరే ఎందుకు? నడుస్తున్నప్పుడు గంటకు 5 లీటర్లు తాగే కారులో నిమిషానికి 80 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసుడు చల్లటి పెట్రోలు పంపులోంచి పోతూ దాన్నీ చల్లబరుస్తుంటుంది. ఇంజన్ ఆపగానే ఆ ప్రవాహమూ ఆగింది, ఫ్యానూ ఆగింది, రేడియేటర్ నీళ్ళూ ఆగాయి. ఇంజన్ దిమ్మలోని వేడి మాత్రం ఆగదు. బయటికి పోయే దారి లేక బానెట్ కింద ఉన్న ప్రతిదాన్నీ కాలుస్తుంది. ఆపాక పది ఇరవై నిమిషాల పాటు పంపు చల్లారదు, వేడెక్కుతుంది! మీ టీ అయిపోయే సమయానికి పంపు ఉష్ణోగ్రత శిఖరం మీద ఉంటుంది.

ఘాట్ రోడ్ల మీద "ఆ మలుపు దగ్గర బళ్ళు ఆగిపోతాయి" అనే కథ మీ జిల్లాలోనూ ఉండే ఉంటుంది. చింతచెట్టు, దాని మీద ఎవరో. చెట్టుదాకా ఎక్కుడంతా రెండో గేరులో, ఇంజన్ శక్తంతా పెట్టి, గాలి తగలని వేగంతో వస్తాం. చెట్టు నీడ బాగుందని ఆపుతాం. మళ్ళీ స్టార్టవదు. భయపడి నిమ్మకాయ తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, దణ్ణం పెట్టేసరికి అరగంట. స్టార్టవుతుంది. దేవుడి ఖాతాలో పడ్డ ఈ పుణ్యం న్యాయంగా ఆ అరగంటది. ఎత్తు కూడా తనవంతు చేస్తుంది. 2,240 మీటర్ల ఊటీలో గాలి పీడనం 77 కిలోపాస్కల్సే, అక్కడ పెట్రోలు 46 డిగ్రీలకే మరుగుతుంది. బయట చలి వేస్తున్నా బానెట్ కింద 46 పెద్ద లెక్క కాదు.

తడిగుడ్డకు వద్దాం. కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఆ వేడిని గుడ్డ పంపు లోహం నుంచి లాక్కుంటుంది. ఇది ఎంత బాగా పనిచేస్తుందన్నది ఊరిని బట్టి ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో 43 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం నీడలో ఆరవేసిన తడిగుడ్డ 25 డిగ్రీల దాకా చల్లబడగలదు. కాకినాడలో 36 డిగ్రీలే ఉన్నా తేమ 70 శాతమైతే 31 దగ్గరే ఆగిపోతుంది. బానెట్ కింద వేడికి అంత చల్లదనం రాదనుకోండి, అయినా పొడి ఎండలో గుడ్డకున్న బలం సముద్రపు ఒడ్డున ఉండదు. అనంతపురం వాళ్ళు అదృష్టవంతులు. గుడ్డ పంపు మీద, పంపుకి వచ్చే గొట్టం మీద ఉండాలి. నిప్పురవ్వకు కరెంటు పుట్టించే కాయిల్ మీద, దాన్ని సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్ మీద నీళ్ళు పడితే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే.

దీనితో పోల్చదగ్గ అమెరికా చిట్కా ఒకటుంది. అక్కడి పాత కార్లవాళ్ళు పెట్రోలు గొట్టానికి వరసగా చెక్క బట్టల క్లిప్పులు తగిలించేవారు. చెక్క వేడిని లాగదు, వదలదు. గొట్టం పొడవునా రెండు మూడు చోట్ల పట్టుకుని కూర్చుంటుంది, అంతే. ఈలోగా ఇంజన్ చల్లారుతుంది, క్లిప్పుకి పేరొస్తుంది. ఇక్కడ మైలేజీ కోసం పెట్రోలు గొట్టానికి అయస్కాంతాలు కట్టేవాళ్ళు ఆ క్లిప్పుల వాళ్ళని చూసి నవ్వక్కర్లేదు.

ఇంకో చిక్కు. వేడిలో స్టార్టవకపోవడానికి సరిగ్గా వ్యతిరేక కారణం కూడా ఉంది. పంపులో కాకుండా కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మరిగి, పొంగి, ఇంజన్లోకి కారిపోతుంది. అప్పుడు జబ్బు కరువు కాదు, వరద. బానెట్ తీయగానే ఘాటైన పెట్రోలు వాసన వస్తే ఇదే. చోక్ లాగకండి. యాక్సిలరేటర్‌ని పూర్తిగా తొక్కి పట్టుకుని, మాటిమాటికీ కొట్టకుండా, స్టార్టర్ తిప్పండి. కరువైతే ఎయిర్‌క్లీనర్ తీసి లోపలికి చూస్తూ యాక్సిలరేటర్ కదిలించండి. యాక్సిలరేటర్ పంపు ఉన్న కార్బురేటర్లలో సన్నని ధార చిమ్మాలి. చిమ్మకపోతే గిన్నె ఎండింది. ఈ రెండూ కాకపోతే నిప్పురవ్వ చూడండి. వేడికి చచ్చి చల్లబడితే బతికే కాయిళ్ళు, కండెన్సర్లు లెక్కలేనన్ని ఉన్నాయి. పాపం కార్బురేటర్ వాటి బదులు దెబ్బలు తింటోంది.

మందు ఏమిటంటే, ముందు పంపుకీ ఇంజన్ దిమ్మకీ మధ్య ఉండాల్సిన వేడి ఆపే దళసరి ప్యాకింగ్ ఉందో లేదో చూడండి. పంపు మార్చినప్పుడు దాన్ని పారేసి పలచటి గ్యాస్కెట్‌తో బిగించేవాళ్ళు చాలామంది. వేడి నేరుగా ఎక్కడమే కాదు, మీట కదిలే దూరం కూడా మారిపోతుంది. తర్వాత గొట్టాన్ని సైలెన్సర్ గొట్టాల నుంచి దూరం జరపండి. అప్పటికీ లొంగకపోతే ట్యాంకు దగ్గర చిన్న ఎలక్ట్రిక్ పంపు. ఇక్కడ లెక్క మళ్ళీ రుచికరం. ఇంజన్ దగ్గరి పంపు గొట్టంలో పీడనాన్ని 80 కిలోపాస్కల్స్‌కి దించిందంటే పెట్రోలు 47 డిగ్రీలకే మరుగుతుంది. వెనక నుంచి తోసి అదే గొట్టంలో 121 ఉంచితే 60 దాకా ఓర్చుకుంటుంది. పదమూడు డిగ్రీల తేడా, కేవలం పంపు స్థలం మార్చినందుకు. ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో ట్యాంకులోనే కూర్చున్న పంపు గాలి పీడనానికి మూడింతలు అదనంగా తోస్తుంది. అందుకే వాటి పెట్రోలు వంద డిగ్రీలు దాటినా గొట్టంలో కిక్కురుమనదు. పాత కారుకి అంత తోపు పెట్టకూడదు, నీడిల్ ఆగలేక కార్బురేటర్ పొంగుతుంది. ప్రమాదం జరిగితే పంపు దానంతటదే ఆగే స్విచ్చి కూడా తప్పనిసరి.

ఈమధ్య ఈ ఫిర్యాదులు పెరగడానికి ఇథనాల్ మీద అనుమానం న్యాయమే. మన బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోస్తున్నారు. ఇథనాల్ విడిగా 78 డిగ్రీలకు గానీ మరగదు, 38 దగ్గర దాని ఆవిరి పీడనం 16 కిలోపాస్కల్సే. అలాంటిది కలిస్తే పెట్రోలు నెమ్మదించాలి కదా? జరిగేది తలకిందులు. 10 శాతం కలిపితే మిశ్రమం ఆవిరి పీడనం 7 కిలోపాస్కల్స్ దాకా పెరుగుతుంది. ఇథనాల్ అణువులు తమలో తాము హైడ్రోజన్ బంధాలతో గట్టిగా పట్టుకుని ఉంటాయి, అందుకే విడిగా ఉన్నప్పుడు ఎగరవు. పెట్రోలులో చెదిరిపోతే ఆ పట్టు సడలుతుంది. పక్కనున్న తేలిక హైడ్రోకార్బన్లకు కూడా ఇథనాల్ సాంగత్యం నచ్చదు, రెండూ కలిసి తొందరగా లేచిపోతాయి. రిఫైనరీలు మూల పెట్రోలుని దీనికి తగ్గట్టు సవరించుకోగలవు గానీ పాత డయాఫ్రమ్‌ని సవరించేవాళ్ళు లేరు. ఇథనాల్‌కి పాత రకం రబ్బరు ఉబ్బుతుంది, గట్టిపడుతుంది, చివరికి చిరుగుతుంది. పైగా ఏళ్ళ తరబడి ట్యాంకు గోడకు పట్టిన జిగురుని కడిగి జాలీకి చేరుస్తుంది.

కాబట్టి పంపు కిట్టు కొనేటప్పుడు ఇథనాల్‌కి ఆగే డయాఫ్రమేనా అని అడిగి తీసుకోండి, గొట్టాలు కూడా అలాంటివే. మార్చే ముందు ఒకసారి ఆయిల్ కడ్డీ లాగి వాసన చూడండి. డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు బయటికి కారకుండా నేరుగా ఇంజన్ ఆయిల్లోకి దిగే అవకాశం ఉంది. ఆయిల్ పలచబడి, పెట్రోలు కంపు కొడుతూ, మట్టం గీత దాటి పైకి వచ్చి ఉంటే కొత్త పంపు బిగించినా సరే, ఆ ఆయిల్ దించి కొత్తది పోసేదాకా తాళం తిప్పకండి.