బాణం గుర్తుల వెనుక వందేళ్లు: పాత్ అనాలిసిస్, ఎస్‌ఈఎం

సర్వే డేటాతో థీసిస్ రాసేవారికి ఏదో ఒక దశలో ఈ ప్రశ్న ఎదురవుతుంది: "పాత్ అనాలిసిస్ దగ్గరే ఎందుకు ఆగిపోయారు? పూర్తి స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడల్ (ఎస్‌ఈఎం) ఎందుకు వేయలేదు?" రెండూ ఏది దేనికి కారణమో బాణాలతో గీసి, ఆ ప్రభావం ఎంతో లెక్కించే పద్ధతులే. ఈ ప్రశ్నను పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ మధ్య పోటీ అనుకుని చాలామంది టెన్షన్ పడతారు. అసలు సంగతి వేరే ఉంది. మన చేతిలో ఉన్న స్కోరూ, మనం కొలవాలనుకున్న విషయమూ ఒకటేనని నమ్మవచ్చా? రెండు పద్ధతులూ విడిపోయేది ఈ ప్రశ్న దగ్గరే.

పాత్ అనాలిసిస్ పుట్టింది జంతువుల మీద చేసిన పరిశోధనలో. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేస్తున్న జన్యుశాస్త్రవేత్త స్యూవల్ రైట్, గినీ పందుల ఒంటి మీది తెల్ల మచ్చల్లో తేడాలకు వంశపారంపర్యం ఎంతవరకు కారణమో 1920లో లెక్క కట్టారు. కారణం నుంచి ఫలితానికి బాణం గీస్తారు. ప్రతి బాణానికీ ఆ ప్రభావం ఎంతో చెప్పే ఒక గుణకం ఉంటుంది. ఒక దారిలో వచ్చే గుణకాలను గుణించి, వేర్వేరు దారుల లబ్ధాలను కూడితే రెండు చరరాశుల (మారే అంశాల) మధ్య సహసంబంధం, అంటే అవి ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె, వస్తుంది. 1921లో ఆయన ఈ పద్ధతినంతా వివరంగా రాస్తే, మరుసటి ఏడాదే హెన్రీ నైల్స్ గట్టిగా విమర్శించారు. 1923లో రైట్ ఇచ్చిన జవాబు సారాంశం ఇది: సహసంబంధాల్లోంచి కారణాలను బయటికి తీసే పద్ధతి కాదిది, కారణాల గురించి ముందే తెలిసినదాన్ని సహసంబంధాలతో కలిపి లెక్క చూసే పద్ధతి. ఈ మాటను ప్రతి పరిశోధక విద్యార్థికీ మొదటి రోజే చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

రెండో పాయ మనస్తత్వశాస్త్రంలోంచి వచ్చింది. పరీక్షలో వచ్చే మార్కుల్లో అసలు సామర్థ్యంతో పాటు కొలత దోషం కూడా కలిసి ఉంటుందని, దానివల్ల సహసంబంధాలు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తాయని 1904లో ఛార్లెస్ స్పియర్‌మన్ చూపించారు. అనేక పరీక్షల వెనుక నేరుగా కనిపించని ఒకే సామర్థ్యం ఉందని కూడా ఆయన అదే ఏడాది ప్రతిపాదించారు. ఈ రోజు లేటెంట్ వేరియబుల్ అంటున్న భావనకు మూలం అక్కడే ఉంది.

ఈ రెండు పాయలూ చాలాకాలం విడివిడిగానే సాగాయి. 1966లో ఓటిస్ డడ్లీ డంకన్ పాత్ అనాలిసిస్‌ను సామాజికశాస్త్రానికి పరిచయం చేశారు. 1967లో పీటర్ బ్లావ్‌తో కలిసి తండ్రి చదువు, తండ్రి వృత్తి, కొడుకు చదువు, మొదటి ఉద్యోగం, 1962 నాటి ఉద్యోగం మధ్య బాణాలు గీసి చూపించారు. రైట్ బొమ్మల్లో కొలవని కారకాలకు కూడా చోటుండేది. వాడుకలో మాత్రం పాత్ అనాలిసిస్ అంటే నేరుగా కొలిచిన చరరాశుల మధ్య బాణాలే అన్న అర్థం స్థిరపడింది.

ఆ పాయలను కలిపినవారిలో ముఖ్యుడు స్వీడన్ గణాంకవేత్త కార్ల్ యోరెస్కోగ్. 1970ల మొదట్లో ఆయన, అనేక కొలతల వెనుక ఉన్న లేటెంట్ వేరియబుల్స్‌ను వెతికే ఫ్యాక్టర్ అనాలిసిస్‌నూ బాణాలను లెక్కగా రాసే సమీకరణాల వ్యవస్థనూ ఒకే మోడల్‌లోకి తెచ్చారు. లిస్రెల్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో అది పరిశోధకుల చేతికి అందింది. పూర్తి ఎస్‌ఈఎంలో రెండు భాగాలుంటాయి: లేటెంట్ వేరియబుల్‌ను ప్రశ్నలతో కలిపే కొలత భాగం, లేటెంట్ వేరియబుల్స్ మధ్య బాణాలు గీసే నిర్మాణ భాగం. మొదటి భాగాన్ని తీసేస్తే మిగిలేది పాత్ అనాలిసిస్.

తీసేస్తే నష్టమేమిటో చిన్న లెక్కతో చూద్దాం. ఒత్తిడి నిద్రను చెడగొడుతుంది, చెడిన నిద్ర ఏకాగ్రతను తగ్గిస్తుంది, ఒత్తిడి నుంచి ఏకాగ్రతకు నేరుగా ఏ దారీ లేదు అనుకుందాం. నిద్రలేమి వైపు, ఏకాగ్రత లోపం వైపు ఉన్న రెండు బాణాలకూ అసలు గుణకం 0.6. నిద్రలేమి స్కోరు విశ్వసనీయత (స్కోరులోని తేడాల్లో దోషం కాని వాటా) 0.7 అయి, మిగతా రెండూ దోషం లేకుండా కొలిచినవైతే, పాత్ అనాలిసిస్‌లో నిద్రలేమి నుంచి ఏకాగ్రత లోపానికి గుణకం సుమారు 0.43కి పడిపోతుంది. ఒత్తిడి నుంచి నేరుగా, అసలు లేని దారి మీద, 0.14 పుట్టుకొస్తుంది. శాంపిల్ పెద్దదైతే దానికి, గణాంకపరంగా ముఖ్యమని చెప్పే నక్షత్రం గుర్తు కూడా పడుతుంది. దోషం అన్ని గుణకాలనూ కాస్త తగ్గిస్తుందిలే, మన ఫలితం ఇంకా జాగ్రత్తగానే ఉంటుందిలే అనే ధీమా నిద్రలేమిలాంటి మధ్యవర్తి ఉన్న మోడల్‌లో పనికిరాదు. కొన్ని తగ్గుతాయి, కొన్ని పెరుగుతాయి.

అంతమాత్రాన ఎస్‌ఈఎం ప్రతిచోటా వేసి తీరాలని కాదు. వయసు, ఎన్నేళ్లు చదివారు వంటివాటిని దాదాపు దోషం లేకుండా కొలవగలం. శాంపిల్ చిన్నదై, ప్రశ్నలు ఎక్కువైతే పూర్తి మోడల్ కన్వర్జ్ కాకపోవచ్చు (లెక్క ఒక జవాబు దగ్గర ఆగకపోవచ్చు), లేదా విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే వేరియన్స్‌ను, అది అసాధ్యమైనా, నెగటివ్‌గా చూపించవచ్చు. బాణాల దిశ తప్పైతే లేటెంట్ వేరియబుల్స్ ఉన్నా తప్పు తప్పే. గణాంకవేత్త డేవిడ్ ఫ్రీడ్‌మన్ 1987లో ఎత్తిచూపింది బాణాల వెనుక ఉన్న ఇలాంటి ఊహలనే. చరరాశులన్నిటి మధ్యా బాణాలు ఉన్న పాత్ మోడల్‌కు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ సున్నా, అంటే డేటాతో సరిచూడటానికి ఏమీ మిగలదు. ఆ మోడల్ డేటాతో పొసగడం, అంటే ఫిట్, ఎప్పుడూ పర్ఫెక్ట్‌గానే వస్తుంది, కాబట్టి ఆ ఫిట్‌ను మెచ్చుకునే థీసిస్‌ను మళ్లీ చదవాలి.

మధ్యేమార్గం కూడా ఒకటుంది, దాన్ని వాడేవారు తక్కువ. మొత్తం స్కోరునే లేటెంట్ వేరియబుల్‌కు ఏకైక సూచికగా పెట్టి, ఆ రెంటినీ కలిపే గుణకమైన లోడింగ్‌ను 1గా ఉంచుతారు. 1 లోంచి విశ్వసనీయతను తీసేసి, దాన్ని స్కోరు వేరియన్స్‌తో గుణించి, వచ్చిన విలువను దోష వేరియన్స్‌గా స్థిరపరుస్తారు. పై ఉదాహరణలో విశ్వసనీయత 0.7 కాబట్టి ప్రామాణీకరించిన నిద్రలేమి స్కోరుకు అది 0.3. ఆ ఒక్క అంకె పెడితే 0.43 తిరిగి 0.6 అవుతుంది, లేని దారి మీది 0.14 సున్నాకు చేరుతుంది.