తాతయ్య ఆయాసం గురించి

చిరంజీవులైన మనుమలకు, మనుమరాలికి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక సాయంత్రం తాతయ్య ఊపిరి అందడం లేదంటూ మంచం పట్టె పట్టుకొని కూర్చోవడం చూసి మీరు ముగ్గురూ బిక్కచచ్చిపోయారు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిమీటరు వేలికి పెడితే 97 శాతం చూపిస్తుంటే ఆయాసం ఎందుకని పెద్దవాడు అడిగాడు. ఆ గాభరాలో నేను జవాబు చెప్పలేదు.

ఆ ఆయాసానికి కారణం తాతయ్యకున్న పార్కిన్సన్స్ జబ్బు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు ఈ జబ్బును 'వణుకుడు పక్షవాతం' పేరుతో వర్ణించాడు. అందుకే కాబోలు, ఇది చేతుల వణుకేనని చాలామంది నమ్ముతారు. నిజానికి మెదడులో, ఒంటి కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్షీణించడం వల్ల కండరాలు బిగుసుకుపోతాయి. ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఛాతీని విప్పార్చవలసిన పక్కటెముకల కండరాలే బిగిసి, దానికితోడు నడుము ముందుకు వంగిపోతే, ఊపిరితిత్తులు బాగానే ఉన్నా గాలి నిండుగా లోపలికి వెళ్లదు. రక్తంలో ఆక్సిజన్‌కు కొదవ లేకపోయినా, ఛాతీ పడే ఆ శ్రమే ఆయాసంగా తెలుస్తుంది.

అయితే డాక్టరుగారు ముందుగా ఈసీజీ, ఎక్స్‌రే తీయించి, గుండెలోనూ ఊపిరితిత్తులలోనూ దోషం లేదని తేల్చుకున్న తరువాతే ఈ మాట చెప్పారు. ఆపైన నేను, డోపమైన్ లోటు తీర్చే లెవోడోపా మాత్ర వేసిన వేళలనూ, ఆయాసం వచ్చిన వేళలనూ ఒక నోటుపుస్తకంలో రాస్తూ వచ్చాను. పది రోజులకే సంగతి బయటపడింది: వేసిన మాత్ర ప్రభావం తగ్గి, తరువాతి మాత్ర పడబోయే ముందే ఆయాసం వస్తోంది. ఆ పుస్తకం చూసి డాక్టరుగారు వేళలు సవరించారు. కొందరికి ఇందుకు భిన్నంగా మందు ఎక్కువైనప్పుడు ఒళ్లు ఊగిపోయి ఊపిరి లయ తప్పుతుంది కనుక, మోతాదు మనంతట మనం పెంచకూడదు. పప్పు, పాలు వంటి మాంసకృత్తులున్న ఆహారం మందు ఒంటబట్టడానికి అడ్డుపడుతుంది కాబట్టే, భోజనానికి అరగంట ముందు మాత్ర ఇమ్మంటాను.

నాకు ఆయాసం కంటే పొలమారడమే ఎక్కువ భయం. పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని మన ఇళ్లలో అంటాం గాని, తాతయ్య విషయంలో ఆ మాటతో ఊరుకోకండి. మింగే కండరాలు మందగించి మెతుకు శ్వాసనాళంలోకి జారితే, దాన్ని బయటకు నెట్టేంత బలం ఆయన దగ్గులో లేదు; న్యుమోనియా వచ్చేది అలాగే. వేసవి సెలవుల్లో ఆయన పక్కన భోంచేసేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి, ముద్ద మింగేదాకా ఏమీ అడగకండి. జ్వరం వచ్చినా, పెదవులు నీలంగా మారినా ఆక్సిమీటరు కోసం వెతకకుండా నన్ను పిలవండి. నేను ఇంట్లో లేకపోతే 108కి ఫోన్ చేయండి. నోటుపుస్తకం మందుల డబ్బా కిందే ఉంటుంది.

మీ అమ్మమ్మ