థీసిస్ ఉంది, గైడ్ ఉన్నాడు, నేర్పేవాళ్లేరీ?

మా మేనల్లుడు ఎండీ చేస్తున్నాడు. ఇప్పుడు పీజీలందరినీ మూడు నెలలు జిల్లా దవాఖానలకు పంపిస్తున్నారు కదా, వాడికి మహారాష్ట్రలోని మా గడ్చిరోలి జిల్లా పడింది. పనిలో పని, సిరోంచ తాలూకాలో థీసిస్ కూడా కొంత చేసుకుందామనుకున్నాడు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్ ఉన్న పిల్లలు, దానికిచ్చే హైడ్రాక్సీయూరియా గోలీలు మధ్యలో ఎందుకు మానేస్తున్నారన్నది వాడి ప్రశ్న. మొదటి రోజే ఒక తల్లి ముందు సమ్మతి పత్రం పెట్టాడు. అది మరాఠీలో ఉంది, ఆమెది తెలుగు. కాయితం అటూ ఇటూ తిప్పి "గిండ్ల సంతకం వెడితే ఎంత నెత్తురు తీస్తరు సారూ?" అంది. పాల్గొనేవాళ్లకు అర్థమయ్యే భాషలోనే సమ్మతి తీసుకోవాలని మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ప్రాణహిత నది ఒడ్డున సగం ఇళ్లలో తెలుగే మాట్లాడతారన్న సంగతి మాత్రం ఆ ఫారం రాసినవాళ్లెవరికీ తట్టలేదు. గైడుకు ఫోన్ చేస్తే "ముందు శాంపిల్ సైజు పూర్తి చెయ్" అన్నాడట.

ఆ గైడును తిట్టి లాభం లేదు, ఆయనకూ ఎవరూ నేర్పి ఉండరు. ఇది చాలా పాత కథ.

సికిల్ సెల్ సంగతే తీసుకోండి. జబ్బుకు మూలం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని లైనస్ పౌలింగ్ బృందం 1949లో చూపించింది. మన దేశంలో నీలగిరి గిరిజనుల్లో 1952లో బయటపడింది. హైడ్రాక్సీయూరియాతో నొప్పులు తగ్గుతాయని అమెరికాలో పెద్ద ట్రయల్ రుజువు చేసేసరికి 1995 వచ్చింది, పెద్దవాళ్లకు వాడటానికి అక్కడ అనుమతి 1998లో. మన దగ్గర 17 రాష్ట్రాల్లో 7 కోట్ల మందికి పరీక్షలు చేస్తామంటూ జాతీయ మిషన్ మొదలైంది 2023 జులైలో. ల్యాబులో తేలింది రోగి చేతికి అందేదాకా ఉన్న ఈ దూరాన్ని తగ్గించే పనికే ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్ అని పేరు. దానికి ల్యాబూ తెలిసి, రోగి ఇల్లూ తెలిసిన మనుషులు కావాలి, అలాంటివాళ్లు పుస్తకాలు చదివితే తయారు కారు.

వైద్యం చేస్తూ పరిశోధన చేసే డాక్టర్లు అంతరించిపోయే జాతి అయిపోతున్నారని అమెరికా డాక్టరు జేమ్స్ వింగార్డెన్ 1979లోనే హెచ్చరించాడు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2006లో దీనికోసం పెద్ద పథకం పెట్టింది. అందులో నాకు నచ్చింది ఒకటే. ఎంపికైన కుర్ర డాక్టరు పనివేళల్లో ముప్పావు వంతు పరిశోధనకే కేటాయించాలి, ఆ సమయానికి జీతం పథకమే ఇస్తుంది, పక్కన మెంటర్ ఉండి తీరాలి. అంటే వాళ్లు డబ్బు పెట్టి కొన్నది టైము.

మన దగ్గరా ఏమీ జరగలేదని కాదు. ఎంబీబీఎస్ పిల్లలు రెండు నెలలు చిన్న పరిశోధన చేసే ఐసీఎంఆర్ స్టూడెంట్‌షిప్ కూడా 1979లోనే మొదలైంది. 2007లో మనుషుల మీద చేసే ట్రయల్స్ నమోదుకు రిజిస్ట్రీ వచ్చింది, 2009లో ట్రాన్స్‌లేషనల్ పరిశోధనకు టీహెచ్‌ఎస్‌టీఐ అని ప్రత్యేక సంస్థే పెట్టారు, ఇప్పుడది ఫరీదాబాద్‌లో ఉంది. పీజీలకు ఆన్‌లైన్ రీసెర్చ్ కోర్సు తప్పనిసరి చేశారు, వీడియోలు బాగానే ఉంటాయి. థీసిస్ సరేసరి, ప్రమోషన్‌కు పేపర్లు కావాలన్నారు. వీటన్నిటికీ సర్టిఫికెట్లు ఉన్నాయి, నంబర్లు ఉన్నాయి. గైడు వారానికి ఎన్ని గంటలు పిల్లవాడి పక్కన కూర్చున్నాడని అడిగే కాలమ్ ఏ ఫారంలోనూ నేను చూడలేదు. మూడువందల ఓపీ చూసి వచ్చిన మనిషికి కూర్చునే ఓపిక ఎక్కడ ఉంటుంది?

చిత్రం ఏంటంటే, ఈ పని ఎలా చెయ్యాలో చూపించింది మా జిల్లానే. అభయ్, రాణి బంగ్ అనే డాక్టర్ దంపతులు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో కార్ల్ టేలర్ దగ్గర ప్రజారోగ్యం చదువుకుని వచ్చి గడ్చిరోలిలో సెర్చ్ సంస్థ పెట్టారు. పల్లె ఆడవాళ్ల జబ్బుల మీద వాళ్ల పేపర్ 1989లో పేరున్న వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. తర్వాత, అంకెలు పెద్దగా రాని మంత్రసానులు పసిపిల్లల ఊపిరి లెక్కపెట్టి న్యుమోనియా పట్టుకునేలా, పూసలతో, నిమిషం ఇసుక గడియారంతో చిన్న పరికరం చేయించారు. 39 ఊళ్లలో మామూలు పల్లె ఆడవాళ్లకే నేర్పిస్తే పుట్టిన నెలలోపు పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయని 1999 లాన్సెట్ పేపర్ చెప్పింది. ఇవాళ ఆశా వర్కర్లు బాలింత ఇంటికి వచ్చి బిడ్డను తూచి చూస్తున్నారంటే, 2011లో దేశమంతా మొదలైన ఆ పద్ధతి వేళ్లు ఇక్కడే ఉన్నాయి. ఊళ్లో కూర్చుని నేర్పితే అక్షరాలు రానివాళ్లు కూడా నేర్చుకున్నారు, మరి ఎండీ వాళ్లకెందుకు నేర్పలేకపోతున్నాం? సెర్చ్ 2006 నుంచి నిర్మాణ్ పేరుతో యువతను చేరదీస్తోంది, కానీ ఒక్క సంస్థ ఎంతమందికని నేర్పుతుంది? పైగా గడ్చిరోలి నుంచి సిరోంచకు దాదాపు 200 కిలోమీటర్లు. మావాళ్లకు జబ్బు చేస్తే నది దాటి మంచిర్యాలకో కరీంనగర్‌కో పోతారు.

చివరికి మావాడికి పాఠం చెప్పింది ఊరి ఆశా వర్కరు. "గోలీలు బంజేసినవా అనడుగుతే ఎవ్వలు చెప్తరు సార్? డబ్బ చూపియ్యి అక్కా, అనాలె." వాడు అలాగే అడిగాడు. ఆ తల్లి లోపల్నుంచి డబ్బా తెచ్చింది, సగానికి పైగా అలాగే ఉంది. నది అవతల మెడికల్ షాపు అబ్బాయి అది క్యాన్సర్ మందు అన్నాడట. అబద్ధమేమీ కాదు, కొన్ని రక్త క్యాన్సర్లకూ అదే వాడతారు. ఆమె భయపడి మానిపించింది. ఆ ప్రశ్న వాడి ఫారంలో లేదు. చేర్చాలంటే పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి మళ్లీ పంపాలి. పోస్టింగ్ ఇంకో పదకొండు రోజులే ఉంది.