కోనసీమలో గొడవల ఫొటోలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సొంత ప్రాంతంలో గొడవ కవర్ చేయడం తేలిక. దారులూ తెలుసు, మనుషులూ తెలుసు.

దారుల సంగతి నిజమే. 2022 మే 24న అమలాపురంలో, కోనసీమ జిల్లా పేరుకు అంబేడ్కర్ పేరు చేర్చడం మీద నిరసన అదుపు తప్పి మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లు, బస్సులు తగలబడ్డాయి. ఆ సాయంత్రం నన్ను బయటపడేసినవి చిన్నప్పుడు సైకిలు తొక్కిన సందులే. నెట్ ఆపేశాక ఎదుర్లంక వంతెన దాటి, పుదుచ్చేరి కిందికొచ్చే యానాం వెళ్లి పేపరుకు ఫొటోలు పంపాను.

చిక్కల్లా మనుషులు తెలియడంతోనే. లెన్సులో రాయి పట్టుకున్న కుర్రాడు కనిపిస్తాడు. చూస్తే మన వీధి టైలరు గారి అబ్బాయి! హైదరాబాదు నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు రాత్రికి రైలెక్కేస్తాడు. నేను పొద్దున్నే ఆ టైలరు పక్క కొట్లోనే టీ తాగాలి. ఆ కేసుల్లో పోలీసులు వీడియోలు, ఫొటోలు చూసి మనుషుల్ని పట్టుకున్నారు. ఆ తర్వాత చాన్నాళ్లు ఎవరింటికెళ్లినా మంచినీళ్లకన్నా ముందు వచ్చే మాట, "ఏవండీ, మావాడు మీ ఫొటోల్లో గానీ పడ్డాడా?" నా కులమేదో అడక్కుండానే లెక్క కట్టేసేవాళ్లు సరేసరి.

అపోహ: మెళ్లో ప్రెస్ కార్డుంటే దెబ్బ పడదు.

రాయికి చదువు రాదు. లాఠీకి తీరిక ఉండదు.

అపోహ: గొడవంటే మంటలూ పరుగులూ.

2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం వివాదం ముదిరి దళితుల్ని వెలేశారు. పొలం పనులకు పిలవడం మానేశారు. పిలవకపోవడాన్ని ఫొటో ఎలా తీస్తాం? చాలాసేపు కెమెరా బయటికే తీయలేదు. చివరికి అరుగుల మీద కూర్చున్నవాళ్ల కాళ్లు కంటపడ్డాయి. నాట్ల రోజుల్లో డెల్టాలో కూలీ కాళ్లకు మోకాళ్లదాకా బురదుండాలి. ఇవి పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. ఆ కాళ్లే తీశాను. "ఇందులో ఏముంది?" అన్నారు పేపరు డెస్కులో. నాకైతే నేను తీసినవాటిలో అదే గట్టి ఫొటో.

అపోహ: ఫొటో అబద్ధం చెప్పదు.

అది చెప్పకపోయినా కింద క్యాప్షన్ చెబుతుంది. ఓసారి బీపీ బిళ్లల కోసం బజారుకొచ్చి పొగలో చిక్కుకున్న ఒక మామ్మగారిని తీశాను. పేపర్లో ఆవిడ 'ఆందోళనకారుల'లో కలిసిపోయింది. మర్నాడు సవరణ వేశారు, అగ్గిపెట్టంత. వాళ్లింటికెళ్తే కొడుకు తలుపు సగమే తీసి, "ఇంకా ఏం తీస్తారండీ?" అన్నాడు. అప్పట్నుంచీ ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారో నేనే రాసి, ఫొటో ఫైల్లోనే ఎక్కించి పంపుతున్నాను. పేజీ అచ్చుకెళ్లేలోపు ఫోన్ చేసి చదివించుకుంటాను కూడా. డెస్కువాళ్లు విసుక్కుంటారు.