85 దగ్గర మొదలయ్యే వణుకు

చౌటుప్పల్ దాటాక విజయవాడ రోడ్డు ఖాళీగా కనిపిస్తే ఎవరైనా యాక్సిలరేటర్ ఇంకాస్త నొక్కుతారు. మా పదిహేనేళ్ల కారు 85 దాకా బుద్ధిగానే వచ్చింది. అక్కడ స్టీరింగ్ సన్నగా వణకడం మొదలుపెట్టింది. 90కి ఆ వణుకు మోచేతుల దాకా పాకింది. భయపడి వేగం తగ్గిస్తే పోయింది. మొండిగా 100కి తీసుకెళ్తే, విచిత్రం, అప్పుడూ చాలావరకు తగ్గిపోయింది. వేగంతో పాటు పెరగాల్సిన వణుకు మధ్యలో ఎందుకు వచ్చినట్టు, పైన ఎందుకు తగ్గినట్టు?

ఇంటికొచ్చి చెప్తే మా బావ "అలైన్‌మెంట్ పోయుంటుంది, చేయించెయ్" అన్నాడు. స్టీరింగ్‌కి ఏ జబ్బు వచ్చినా మనవాళ్లు రాసే మందు అదే. చేయించాను. వణుకు ఎక్కడికీ పోలేదు. పోదు కూడా. అలైన్‌మెంట్ అంటే చక్రాలు ఏ కోణంలో నిలబడ్డాయన్న లెక్క. అది తప్పితే బండి ఒక పక్కకి లాగుతుంది, టైరు ఒకవైపే అరుగుతుంది. వణుకుకు సంబంధించింది బ్యాలెన్సింగ్, అంటే రిమ్ముకు సీసం ముక్కలు అంటించి చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా చూడటం. రెండూ ఒకే షాపులో, ఒకే బోర్డు మీద ఉండటంతో ఒకటే పని అనుకుంటాం.

కొంచెం లెక్క వేద్దాం. మా కారు టైరు చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. అంటే చక్రం సెకనుకు దాదాపు 14 చుట్లు తిరుగుతోంది. ఆ చక్రం అంచున ఒకవైపు 30 గ్రాముల బరువు ఎక్కువ ఉందనుకోండి. రిమ్ముకు అంటించిన సీసం ముక్క ఊడిపోయినా, వానలో మట్టిరోడ్డు మీద తిరిగాక రిమ్ము లోపల చిన్న పెళ్ల ఎండి అంటుకున్నా అంత తేడా వచ్చేస్తుంది. 13 అంగుళాల రిమ్ము మీద ఆ 30 గ్రాములు 90 వేగంలో చక్రాన్ని దాదాపు నాలుగు కిలోల బరువంత బలంతో బయటికి లాగుతాయి. ఆ లాగుడు చక్రంతో పాటే తిరుగుతూ ఒకసారి పైకి, ఒకసారి ముందుకి, ఒకసారి కిందికి, ఒకసారి వెనక్కి, సెకనుకు 14 సార్లు. ముందుకీ వెనక్కీ లాగినప్పుడల్లా చక్రం రవ్వంత పక్కకి తిరగబోతుంది, చక్రాన్ని పక్కకి తిప్పే కడ్డీ, టై రాడ్, ఆ కదలికను స్టీరింగ్‌కి చేరవేస్తుంది. వేగం సగమైతే బలం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. ఊళ్లో తిరిగేటప్పుడు ఏమీ తెలియకపోవడం అందుకే.

అయితే 100 దగ్గర తగ్గడం సంగతేంటి? నీళ్ల బిందె మోసినవాళ్లకి ఇది తెలుసు. ఒక నడకలో నీళ్లు తెగ తొణుకుతాయి. నిదానిస్తే తొణకవు, అడుగుల జోరు మార్చినా తగ్గుతాయి. బిందెలో నీళ్లకు తమదైన ఊపు ఒకటి ఉంది, అడుగులు దానితో కలిసినప్పుడే గొడవ. కారులోనూ అంతే. టైరు ఒక స్ప్రింగు, పైన సస్పెన్షన్ స్ప్రింగు ఇంకొకటి, మధ్యలో చక్రం బరువు. సాధారణ కార్లలో ఆ బరువు తనంతట తాను ఊగే లెక్క సెకనుకు 10 నుంచి 15 సార్ల మధ్య ఉంటుంది. చక్రం చుట్ల లెక్క దానితో కలిసే వేగం 80, 90ల్లో పడుతుంది. అది దాటాక లాగే బలం పెరిగినా ఊపు కలవదు కాబట్టి చేతికి తెలిసే వణుకు తగ్గుతుంది.

పాత బండికే ఇది ఎక్కువ ఎందుకంటే, తప్పంతా చక్రానిది కాదు. కొత్త కారులోనూ పది పదిహేను గ్రాముల తేడా ఉండొచ్చు. చక్రాన్ని కారు అడుగుకు కలిపే లోయర్ ఆర్మ్ బుష్‌లలోని మెత్తని రబ్బరు, షాక్ అబ్జార్బర్‌లోని నూనె దాన్ని మింగేస్తాయి. పదేళ్ల ఎండకీ గుంతలకీ ఆ రబ్బరు పగులుతుంది, షాక్ కారిపోతుంది, బాల్ జాయింట్‌లో ఆట (వదులు) వస్తుంది. అందుకే నా మటుకు నాకు ఏ పార్టు మార్చాలన్న ప్రశ్న తర్వాతిది. ముందు తెలియాల్సింది వణుకు ఎప్పుడొస్తుందన్నది.

మా వీధి చివర మెకానిక్ బానెట్ ఎత్తకుండా అడిగిందీ అదే. "ఎప్పుడొస్తుంది సార్? బ్రేక్ కొడితేనా, ఊరికేనా?"

బ్రేకు వేసినప్పుడే వచ్చి, పెడల్ కూడా పాదం కింద కొట్టుకుంటుంటే అది డిస్క్ పని. డిస్క్ వంగిపోయిందంటారు గానీ చాలాసార్లు వంగేదేమీ ఉండదు. చుట్టూ మందంలో వెంట్రుకలో నాలుగో వంతు తేడా వచ్చినా ప్యాడ్లు ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా పట్టుకుంటాయి. చక్రం నట్లు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగించినా డిస్క్ కొద్దిగా వాలి, నెలలు గడిచేకొద్దీ అలా అరుగుతుంది. పంక్చర్ షాపులో నట్లు ఎదురెదురుగా బిగిస్తున్నారో లేదో చూడటం చాదస్తమేమీ కాదు.

యాక్సిలరేటర్ నొక్కితే వచ్చి, కాలు తీయగానే పోతే ముందు చక్రాలను నడిపే యాక్సిల్ లోపలి జాయింట్‌ని అనుమానించాలి. చాలా కార్లలో అందులో మూడు రోలర్లుంటాయి. అవి అరిగితే చక్రం ఒక్కో చుట్టుకు మూడేసి కుదుపులు, బండి కుడి ఎడమలకు ఊగినట్టు ఉంటుంది. వేగం మార్చకుండా గేరు మార్చినప్పుడు వణుకు తీరు మారితే చక్రాలను వదిలేసి ఇంజన్ వైపు చూడాలి.

పాత జీపుల వ్యవహారం వేరు, దాన్ని చూసినవాళ్లు మర్చిపోరు. కమాను పట్టీల మీద ఒకే ముక్క ఇరుసు ఉండే జీపు యాభై అరవై వేగంలో ఒక గుంతలో పడగానే ముందు చక్రాలు రెండూ పామును పట్టుకున్నట్టు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలెడతాయి. స్టీరింగ్ చేతిలో నిలవదు. దీన్ని షిమ్మీ అంటారు. కొట్టిన గంట మోగి మోగి ఆగుతుంది. ఇది ఆగదు, బండి పరుగులోంచే శక్తి లాక్కుని పెరుగుతుంది. 1920ల్లో తక్కువ గాలితో నడిచే లావు టైర్లు వచ్చాక ఈ బాధ బాగా ఎక్కువైంది. 1925లో జార్జ్ బ్రూలియే అనే ఫ్రెంచ్ ఇంజనీరు దీని మీద రాశాడు. సాగే టైరు రోడ్డును పట్టుకుని పక్కకి జారే తీరులోనే దీని మూలం ఉందని చూపాడు. చక్రం పక్కకి తిరిగిన వెంటనే టైరు ప్రతిస్పందించదు, కొంచెం ఆలస్యంగా నెడుతుంది. ఆ ఆలస్యపు నెట్టుడు ప్రతిసారీ ఊపుకు అనుకూలంగా పడితే ఇక ఆపేదెవరు? చక్రం పక్కకి తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్‌లో, టై రాడ్ చివర్లలో ఆట ఉంటే దీనికి ఇంకా చోటిచ్చినట్టే. బ్యాలెన్సింగ్‌తో ఇది తీరదు, ఆ ఆట తీయాలి. రోడ్డు మీద వచ్చిందా, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని మెల్లగా వేగం తగ్గించుకోవడమే.

ఆట ఉందో లేదో ఇంట్లోనూ చూడొచ్చు. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండ్ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే బేరింగో బాల్ జాయింటో. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే కదిలింది టై రాడ్ చివర కావచ్చు.

మా కారులో అవేవీ లేవు. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను, మెషిన్ మీద రెండుసార్లూ సున్నా చూపించింది. వణుకు మాత్రం అదే 85 దగ్గర. "ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి వేద్దాం సార్" అన్నాడు మెకానిక్. పైసా పార్టు ఖర్చు లేని పరీక్ష. మర్నాడు ఔటర్ రింగ్ రోడ్డు మీద చూస్తే స్టీరింగ్ నిశ్శబ్దం, సీటు కింద మాత్రం వణుకు. అంటే దోషం చక్రంతో పాటు వెనక్కి నడిచొచ్చింది. వెనక ఒక చక్రం లేపి, టైరుకు అర అంగుళం దూరంలో సుద్దముక్క కదలకుండా పట్టుకుని తిప్పాడు. ప్రతి చుట్టులోనూ ఒకేచోట టైరు సుద్దకు దగ్గరగా వచ్చి పోయింది. లోపలి ఉక్కుతీగల పొర విడిపోయి అక్కడ ఉబ్బింది. మరి మెషిన్ సున్నా ఎలా చూపింది? అది చూసేది బరువు అన్ని వైపులా సమానంగా ఉందా అని మాత్రమే. సీసం ముక్కలు అంటిస్తే కోడిగుడ్డు ఆకారాన్ని కూడా బ్యాలెన్స్ చేయొచ్చు. దాని మీద కారు బరువు వేసి రోడ్డు మీద దొర్లిస్తే ఎత్తూ పల్లం బయటపడతాయి.

టైరు పక్కన అచ్చువేసిన కోడ్‌లో చివరి నాలుగంకెలు 2214. 2014లో 22వ వారం తయారైందని అర్థం. అరుగుదల చూస్తే ఇంకా సగం మిగిలే ఉంది, అందుకే ఇన్నాళ్లూ దాని వైపు చూడలేదు. అలా పొర విడిచిన టైరు హైవే మీద ఎప్పుడైనా పేలొచ్చు. ఆ సంగతి తలుచుకుంటే చౌటుప్పల్‌లో 100కి తీసుకెళ్లినందుకు ఇప్పుడు టెన్షన్ వస్తుంది.

కొత్త టైర్లతో 85, 90, 100 అన్నీ మామూలే. సిగ్నల్ దగ్గర ఏసీ వేసి నిలబడితే మాత్రం స్టీరింగ్ ఇంకా సన్నగా జుమ్మంటోంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 800 చుట్ల మీద ఉంటే సెకనుకు 27 సార్లు మండుతుంది, ఇది ఆ లయే. ఇంజన్ మౌంటింగ్ రబ్బరు పోయింది. అది వచ్చే నెల జీతం పడ్డాక.