టవర్లు పడిపోయిన రోజున డ్రోన్ల గుంపు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు కూలాయి, సెల్‌ఫోన్లు పనిచేయలేదు. ఏ ఊరికి దారి ఉందో తెలుసుకోవడమే పెద్ద టెన్షన్ అయిపోయింది. శ్రీకాకుళానికి డ్రోన్ల గుంపు ఎందుకని అడిగితే నేను ముందు చెప్పేది ఆ రోజు గురించే. స్మార్ట్ సిటీలో డ్రోన్లు అనగానే ట్రాఫిక్, కాలుష్యం గురించి మాట్లాడతారు. మన తీరానికి అంతకన్నా పెద్ద అవసరం ఉంది.

చాలా డ్రోన్లు ఒకేసారి ఎగిరినంత మాత్రాన గుంపు అయిపోదు. 2022లో గణతంత్ర వేడుకల్ని ముగించే బీటింగ్ రిట్రీట్‌లో 1,000 డ్రోన్లు ఢిల్లీ ఆకాశంలో బొమ్మలు గీశాయి. అలాంటి ప్రదర్శనల్లో ఏ డ్రోన్ ఎటు వెళ్లాలో ముందే రాసిపెడతారు. అసలైన గుంపులో ప్రతి డ్రోనూ తన పక్కవాటిని చూసుకుని సొంతంగా నిర్ణయం తీసుకుంటుంది. 1987లో కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుడు క్రెయిగ్ రేనాల్డ్స్ మూడే నియమాలతో కంప్యూటర్‌లో పక్షుల గుంపును ఎగరేసి చూపించాడు. పక్కదానికి తగలకూడదు, పక్కవాటి దిశలోనే సాగాలి, గుంపుకు దూరం కాకూడదు. నాయకుడితో పనే లేదు. రోమ్ నగరం మీద ఎగిరే స్టార్లింగ్ పక్షుల్ని ఫొటోలు తీసి లెక్కగట్టినవాళ్లు 2008లో ఇంకో సంగతి బయటపెట్టారు. వేల పక్షులున్నా ఒక్కో పక్షి పట్టించుకునేది దగ్గర్లోని ఆరేడింటినే!

డ్రోన్లకూ ఈ పద్ధతి సరిపోతుంది. ఒక్కోటి దగ్గర్లోని కొన్నింటితో రేడియోలో మాట్లాడితే చాలు, కబురు ఒకదాని నుంచి ఇంకోదానికి అందుతూ కిందికి చేరుతుంది. మధ్యలో సెల్ టవర్ అక్కర్లేదు. ఒకటి కూలిపోతే దాని వాటా మిగతావి పంచుకుంటాయి. ఒడిశా కొండల్లో వాన కురిసి నాగావళి పొంగినప్పుడు ఒక డ్రోన్ గట్టు వెంట వెళ్తే, ఇంకోటి మునిగిన వీధుల్ని మ్యాప్ చేస్తుంది. థర్మల్ కెమెరా ఉన్నది చీకట్లోనూ డాబాల మీద చిక్కుకున్న మనుషుల్ని వాళ్ల ఒంటి వేడిని బట్టి గుర్తిస్తుంది.

అయితే తుపాను గాలిలో ఈ చిన్న యంత్రాలు నిలవలేవు, గాలి తగ్గాకే వీటి పని. చాలావాటి బ్యాటరీ అరగంట వస్తే ఎక్కువ. అందుకే విడతలవారీగా దిగి, ఛార్జ్ చేసుకుని, మళ్లీ లేవాలి. మామూలు రోజుల్లో గాలిలో దుమ్ము కొలిపించాలంటే ఇంకో చిక్కుంది: డ్రోన్ రెక్కలే గాలిని చెదరగొడతాయి. సెన్సర్‌ను ఎక్కడ బిగించారన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది.

ఇళ్ల మీద కెమెరాలు తిరుగుతాయంటే జనానికి అభ్యంతరం ఉంటుంది, అది న్యాయమే. వరద మ్యాప్‌కు ముఖాలు అవసరం లేదు, వాటిని డ్రోన్‌లోనే చెరిపేయాలి. తేలినీలాపురంలో పెలికాన్లు గూళ్లు కట్టే కాలంలో ఆ చుట్టుపక్కల ఎగరేయకూడదు.

ఇక వీటిని ఎక్కడ ఉంచాలి? తుపాను షెల్టర్లలోనే, సోలార్ ఛార్జింగ్‌తో. నడిపేది కూడా ఆ ఊళ్లలో శిక్షణ పొందిన కుర్రాళ్లు, అమ్మాయిలే అయ్యుండాలి. విశాఖ నుంచి తెప్పించుకుందాంలే అనుకుంటే, చెట్లు పడి రోడ్డు మూసుకుపోయిన ఆ పూట అవి చేరవు.